దౌత్య కార్యాలయంలో పొలిటికల్ అడ్వైజర్ ఉద్యోగం: సిఫారసు కావాలా, ఇంగ్లిష్ సరిపోతుందా, ఎలా సిద్ధమవ్వాలి?

మీ ప్రశ్న చదివాను. ఇదే సందేహం ఉన్న మిగతావాళ్ల కోసం దాన్ని క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీరు ఉస్మానియాలో ఎంఏ పొలిటికల్ సైన్స్ చేశారు. ఆరేళ్లుగా ఒక తెలుగు దినపత్రికలో రిపోర్టర్‌గా ఉన్నారు, అందులో నాలుగేళ్లు కరీంనగర్‌లో. హైదరాబాద్‌లోని ఒక విదేశీ దౌత్య కార్యాలయం పొలిటికల్ అడ్వైజర్ పోస్టుకు ప్రకటన ఇచ్చింది. మీరు అడిగినవి మూడు. పెద్దవాళ్ల సిఫారసు లేకుండా వస్తుందా? తెలుగు మీడియంలో చదివినవాళ్ల ఇంగ్లిష్ సరిపోతుందా? మీ బాబాయి ఒక పార్టీకి మండల అధ్యక్షుడు, అది అడ్డమవుతుందా?

సూటిగా చెబుతాను. సిఫారసు అక్కర్లేదు, చేయిస్తే నష్టం కూడా. ఇంగ్లిష్ సరిపోతుంది, అయితే రాయడంలో సాధన కావాలి. బాబాయి సంగతి మీరు దాచకపోతే అడ్డం కాదు.

మీ ప్రశ్న చివర్లో 119 నియోజకవర్గాల ఎమ్మెల్యేల పేర్లు, మెజారిటీలు బట్టీ పడుతున్నానని రాశారు. దయచేసి అది ఆపేయండి. నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఆ ఒక్క వాక్యమే. ఈ ఉద్యోగానికి వచ్చేవాళ్లలో నూటికి ఎనభై మంది దాన్ని జనరల్ నాలెడ్జ్ పరీక్ష అనుకునే వస్తారని నా అనుభవం. పేర్లు ఫోన్‌లో దొరుకుతాయి. వాళ్లకు కావాల్సింది నమ్మదగిన అంచనా చెప్పే మనిషి. తనకు ఏది తెలుసు, ఏది విన్నాడు, ఏది ఊహిస్తున్నాడు అన్న మూడింటినీ కలపకుండా చెప్పగలిగే మనిషి.

నా గురించి కొంచెం. రెండు దేశాల కార్యాలయాల్లో కలిపి 14 ఏళ్లు ఈ పని చేశాను, ముందు చెన్నైలో, తర్వాత హైదరాబాద్‌లో. చివరి ఏడేళ్లలో ఆరుసార్లు ఎంపిక ప్యానెల్‌లో కూర్చున్నాను. అంతకుముందు ఒక స్వచ్ఛంద సంస్థలో పంచాయతీల మీద పరిశోధన చేసేదాన్ని. లోపలి విషయాలు బయట చెప్పనని సంతకం పెట్టినదాన్ని కాబట్టి ఆ కార్యాలయాల పేర్లు రాయను. మిగతాది దాచుకోను.

ఆ కుర్చీలో చేసే పని ఏమిటి

పేరులో అడ్వైజర్ అని ఉన్నా, మీరు నాయకులకు సలహాలు ఇచ్చే మనిషి కాదు. విదేశం నుంచి వచ్చిన దౌత్యాధికారికి ఈ నేల మీద ఏం జరుగుతోందో అర్థమయ్యేలా చెప్పడం మీ పని. ఆ అధికారి రెండేళ్లకో నాలుగేళ్లకో మారిపోతారు. కొత్తవాళ్లు వస్తారు. వాళ్లకు రాష్ట్ర విభజన ఎందుకు జరిగిందో మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఆ ఆఫీసుకు జ్ఞాపకశక్తి మీరే. రోజువారీ పని చూస్తే, పొద్దున్నే పేపర్లు చదివి అర పేజీ సారాంశం, వారానికి ఒకటో రెండో విశ్లేషణలు, నాయకులు, అధికారులు, ప్రొఫెసర్లు, జర్నలిస్టులు, రైతు సంఘాలవాళ్లతో సమావేశాలు ఏర్పాటు చేయడం, వాటిలో నోట్స్ రాసుకోవడం, ఆ దేశం నుంచి మంత్రి వస్తే రెండు రోజుల కార్యక్రమం తయారు చేయడం. ఆ చివరిది వచ్చినప్పుడు భోజనం సంగతి, కారు ఏ గేటు దగ్గర ఆగాలన్న సంగతి కూడా మీదే. హైదరాబాద్ లాంటి చోట ఒకే పోస్టులో రాజకీయం, ప్రెస్, ప్రాజెక్టులు కలిపి పెట్టడం కూడా మామూలే. ఉద్యోగ వివరణలో ఏ పనికి ఎంత శాతం సమయమో రాసి ఉంటే దాన్ని తప్పకుండా చూడండి. అరవై శాతం కార్యక్రమాల నిర్వహణ అని ఉంటే అది మీకు నచ్చే ఉద్యోగం కాకపోవచ్చు.

ఆ ఆఫీసు పరిధి ఎంతవరకో కూడా చూడండి. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైంది, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. దాని పరిధిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌తో పాటు ఒడిశా కూడా ఉంది. బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ రెండు తెలుగు రాష్ట్రాలనూ చూస్తుంది. చెన్నైలో ఉన్న కొన్ని కాన్సులేట్లకూ తెలుగు రాష్ట్రాల బాధ్యత ఉంది. మీరు తెలంగాణలో ఆరేళ్లు పనిచేశారు, ఉత్తరాంధ్ర గురించి అడిగితే ఏం చెబుతారు? ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఖాయం.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మీ ఇంట్లోవాళ్లు ఇదేదో గూఢచారి పని అనుకుంటున్నారని రాశారు. దౌత్య సంబంధాల మీద దేశాలు చేసుకున్న 1961 వియన్నా ఒప్పందం 3వ అధికరణం ప్రకారం, తాను ఉన్న దేశంలోని పరిస్థితులను చట్టబద్ధమైన అన్ని మార్గాల్లో తెలుసుకుని తన ప్రభుత్వానికి నివేదించడం రాయబార కార్యాలయం పనుల్లో ఒకటి. అదే ఒప్పందం 41వ అధికరణం ఆ దేశ అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదంటుంది. చట్టబద్ధంగా తెలుసుకోవాలి, జోక్యం చేసుకోకూడదు. ఈ రెండు గట్ల మధ్యే మీ పని. కాన్సులేట్ల కోసం వచ్చిన 1963 ఒప్పందం ఇంకా జాగ్రత్తగా రాశారు. అందులో 5వ అధికరణం వాణిజ్య, ఆర్థిక, సాంస్కృతిక, వైజ్ఞానిక రంగాల పరిణామాలను పేర్కొంటుంది కానీ రాజకీయం అన్న మాట అక్కడ లేదు. అందుకే కాన్సులేట్‌లో పనిచేసేవాళ్లు బహిరంగంగా, మర్యాదగా, పద్ధతి ప్రకారం కలవడం మీద అంత పట్టుదలగా ఉంటారు.

ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీరు దౌత్యవేత్త కారు. స్థానిక ఉద్యోగి. భారత పౌరులకు మన చట్టాలన్నీ వర్తిస్తాయి, 1923 అధికార రహస్యాల చట్టంతో సహా. ఏ అధికారైనా ఆఫీసు ఫైలు కాగితం మీ చేతిలో పెట్టబోతే తీసుకోకూడదు, చూడకూడదు, ఆ విషయం వెంటనే మీ పై అధికారికి చెప్పాలి. 14 ఏళ్లలో నాకు ఇది ఒకే ఒక్కసారి ఎదురైంది. పెద్దాయన అభిమానంతోనే ఇవ్వబోయారు. చేతులు జోడించి వద్దన్నాను. కొన్ని దేశాల్లో స్థానిక ఉద్యోగుల పరిస్థితి చాలా కష్టం. 2009లో ఇరాన్ ఎన్నికల గొడవల తర్వాత టెహ్రాన్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో ముఖ్య రాజకీయ విశ్లేషకుడిగా ఉన్న హొస్సేన్ రస్సామ్‌ను అరెస్టు చేసి, నాలుగేళ్ల జైలు శిక్ష వేశారు. ఆయన ఇరాన్ పౌరుడే. మన దగ్గర నాకెప్పుడూ అలాంటి భయం కలగలేదు, ఎవరినైనా కలిసేటప్పుడు నా కార్డు ఇచ్చి, ఎక్కడి నుంచి వచ్చానో చెప్పే మొదలుపెట్టేదాన్ని. అయినా ఈ ఉద్యోగంలో రక్షణ కవచం ఉంటుందని మాత్రం అనుకోకండి.

దరఖాస్తు

ఇక్కడే ఎక్కువమంది పోతారు, అదీ తెలివైనవాళ్లు.

ఖాళీలు ఆయా కార్యాలయాల వెబ్‌సైట్లలో ఉద్యోగాల పేజీలో వస్తాయి. అక్కడి నుంచే దరఖాస్తు చేయండి. ఏ దౌత్య కార్యాలయమూ దరఖాస్తుకు డబ్బు అడగదు, ఎవరైనా అడిగితే అది మోసం. సిఫారసు సంగతి చెప్పాను కదా, ఒకసారి ఒక అభ్యర్థి కోసం ఒక ప్రజాప్రతినిధి ఆఫీసు నుంచి మాకు ఫోన్ వచ్చింది. ఆ అభ్యర్థికి ఆ ఫోన్ సంగతి తెలుసో లేదో కూడా మాకు తెలియదు. కానీ రేపు ఇతను ఆ ప్రజాప్రతినిధి గురించి ఉన్నది ఉన్నట్టు రాయగలడా అన్న అనుమానం ప్యానెల్‌లో అందరికీ వచ్చింది. పేరు పక్కన పెట్టేశారు. నాకు ఇప్పటికీ బాధే, రాతపరీక్షలో అతను బాగా రాశాడు.

అమెరికా కార్యాలయాల ప్రకటనల్లో చదువు, అనుభవం, భాష ఇవన్నీ కచ్చితంగా రాసి ఉంటాయి. ఇన్నేళ్ల అనుభవం కావాలి, ఇంగ్లిష్ ఈ స్థాయి, తెలుగు ఈ స్థాయి అని. ఆ ప్రతి షరతుకూ మీ ఫారంలో కనబడే జవాబు ఉండాలి. చదివేవాళ్లు ఊహించుకుని మార్కులు వేయరు. "రిపోర్టర్, 6 సంవత్సరాలు" అని రాసి వదిలేస్తే అందులో రాజకీయ విశ్లేషణ ఎంత, యాక్సిడెంట్ వార్తలు ఎంత అన్నది వాళ్లకు తెలియదు. ఏ ఎన్నికలు కవర్ చేశారు, ఏ శాఖలు చూశారు, వారానికి ఎన్ని విశ్లేషణలు రాశారు, విడివిడిగా రాయండి.

బ్రిటిష్ వాళ్ల పద్ధతి వేరు. ప్రకటనలో మూడు నాలుగు ప్రవర్తనా లక్షణాలు ఇస్తారు: విషయాన్ని పూర్తి కోణంలో చూడటం, చెప్పి ఒప్పించడం, సరైన నిర్ణయం తీసుకోవడం, గడువులోగా పని పూర్తి చేయడం, ఇలాంటివి. ఒక్కోదానికి మీ జీవితంలోంచి ఒక సంఘటన, సాధారణంగా 250 పదాలకు మించకుండా రాయాలి. పరిస్థితి ఏమిటి, మీ బాధ్యత ఏమిటి, మీరు ఏం చేశారు, ఏం ఫలితం వచ్చింది. ఇందులో మూడో భాగానికే సగానికి పైగా పదాలు ఖర్చు పెట్టండి.

మనవాళ్లు అందరూ చేసే పొరపాటు ఒకటి ఇక్కడ ఉంది. మనం "మేము" అని రాస్తాం. "మేము సర్వే చేశాం, మేము కథనం రాశాం." నేను, నేను అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని చిన్నప్పటి నుంచి నేర్పారు. ఇంట్లో అది మంచి అలవాటే. ఈ ఫారంలో మాత్రం చదివేవాళ్లకు ఆ మేములో మీరెవరో కనబడరు. నా మొదటి దరఖాస్తు అలాగే తిరిగొచ్చింది. పదేళ్ల పరిశోధన అంతా "మా బృందం" ఖాతాలో రాశాను. ఏడాది తర్వాత మళ్లీ ప్రకటన పడితే ఒకే ఒక్క సంఘటన రాశాను. మెదక్ జిల్లాలో ఒక ఊరి సర్పంచ్ భర్త మాతో మాట్లాడతానని పట్టుబట్టాడు, ఆవిడను మాట్లాడనివ్వలేదు. నేను ఆయనకు కోపం రాకుండా ఆవిడను ఎలా మాట్లాడించానో, ఆవిడ చెప్పినదాని వల్ల మా నివేదికలో ఏ లెక్క మారిందో రాశాను. ఇంటర్వ్యూకు పిలిచారు. మొదటి పది నిమిషాలు దాని గురించే అడిగారు.

మీకు అలాంటివి చాలా ఉంటాయి. కరీంనగర్‌లో నాలుగేళ్లు రిపోర్టింగ్ చేసిన మనిషికి లేకపోతే ఎవరికి ఉంటాయి? మీ వార్త తప్పని తేలిన రోజు ఉందా? ఎవరైనా నాయకుడు ఫోన్ చేసి బెదిరిస్తే ఏం చేశారు? రెండు వర్గాలూ రెండు కథలు చెబితే ఏది నమ్మారు, ఎందుకు నమ్మారు? ఒక నోట్‌బుక్‌లో పది సంఘటనలు తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లిష్‌లోకి తర్వాత మార్చుకోవచ్చు.

రాతపరీక్ష

సాధారణంగా గంట, గంటన్నర ఉంటుంది. ఒక్కో ఆఫీసుది ఒక్కో తీరు, కానీ నేను చూసినవాటిలో రెండు రకాలు తరచుగా వచ్చేవి: ఒక తెలుగు కథనాన్నో ప్రసంగాన్నో ఇంగ్లిష్‌లో సారాంశంగా చెప్పడం, ఒక తాజా పరిణామం మీద పేజీ మించకుండా నోట్ రాయడం.

మొదటిది తేలిక అనుకుంటారు. కాదు. "ఆయన కండువా కప్పుకున్నారు" అని వార్తలో ఉంటే, పార్టీలో చేరారు అని రాయాలి తప్ప కండువా గురించి కాదు. "గోడ దూకేవాళ్లు", "ఇంటికి పంపిస్తాం", ఇవన్నీ అంతే. సభలో నాయకుడు "తాట తీస్తా" అన్నాడు. దాన్ని చర్మం ఒలుస్తానని ఇంగ్లిష్‌లో పెడితే, చదివే విదేశీయుడికి అది హత్యా బెదిరింపు. ఉత్త విమర్శ అని రాస్తే ఆ మాటలోని కటువుదనం పోతుంది. ఒకసారి ఒక అమ్మాయి ఇలా రాసింది: ప్రత్యర్థులను తీవ్రంగా హెచ్చరించారు, వాడిన మాట మొరటుది, అయితే ఇక్కడి ఎన్నికల సభల్లో తరచుగా వినబడేదే. అంతే. ఒక్క వాక్యంలో మాట, బరువు, సందర్భం మూడూ వచ్చేశాయి. ఆమెకు ఎక్కువ మార్కులు వేశాను. ఇంగ్లిష్‌లో ఆమె క్రియాపదాలు రెండుచోట్ల తప్పు, అది ఎవరికీ పట్టలేదు. మీ తెలుగు మీడియం భయానికి జవాబు ఇదే. మీ తెలుగు ఎంత లోతుగా ఉంటే ఈ పరీక్షలో మీకు అంత బలం. ఇంగ్లిష్ చిన్న వాక్యాల్లో, స్పష్టంగా ఉంటే చాలు.

రెండోది, ఒక పేజీ నోట్. దీని మీదే మీ సమయమంతా పెట్టండి. ఉదాహరణకు 2024 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫలితాల మీద రాయమన్నారనుకోండి. 175లో తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8, వైఎస్సార్ కాంగ్రెస్ 11. అభ్యర్థులు ఇది రాసి, కులాల లెక్క ఒక పేరా రాసి, వైఎస్సార్ కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయిందని ముగిస్తారు. కానీ ఓట్ల శాతం చూడండి. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా సుమారు 39 శాతమే, సీట్లు 11. రెండుసార్లూ ఓడిన పార్టీ వెంట పదిమందిలో నలుగురు ఓటర్లు ఉన్నారు. సీట్లు చూసినవాడికి కనబడే రాష్ట్రం వేరు, ఓట్లు చూసినవాడికి కనబడే రాష్ట్రం వేరు.

తర్వాత ప్రతి విదేశీ అధికారీ అడిగే ప్రశ్న వస్తుంది: అయితే మాకేంటి? దానికి జవాబు నోట్‌లో లేకపోతే మిగతాదంతా వార్తే. పై ఉదాహరణలో జవాబు ఇలా ఉండొచ్చు. ఇక్కడ అధికారం మారితే పెద్ద ప్రాజెక్టుల దిశ మారుతుంది. 2015 అక్టోబర్‌లో అమరావతికి శంకుస్థాపన జరిగింది, 2019లో ప్రభుత్వం మారాక ఆ ఏడాది నవంబర్‌లోనే సింగపూర్ కంపెనీల కన్సార్టియంతో ఉన్న స్టార్టప్ ఏరియా ప్రాజెక్టు రద్దయింది. కాబట్టి మీ దేశం నుంచి పెట్టుబడి వస్తుంటే ఒప్పందంలో రక్షణలు చూసుకోండి, 11 సీట్లే అని ప్రతిపక్షంతో మాట్లాడటం మానేయకండి. ఇంత చెబితే మీరు సలహాదారు.

కులం గురించి ఒక మాట. మన రాజకీయాల్లో అది లేదని రాస్తే అబద్ధం. అంతా అదేనని రాస్తే సోమరితనం. ఒక నియోజకవర్గంలో ఒక వర్గం మొత్తం ఒకవైపు వేసిందని రాస్తున్నారంటే, ఎలా తెలిసింది? ఎన్నికల సంఘం ఫారం 20లో పోలింగ్ స్టేషన్ల వారీగా ఓట్లు ఉంటాయి. ఆ ఊళ్లు మీకు తెలుసు. నాలుగు బూత్‌లు చూసి, ఇద్దరితో మాట్లాడి, "ఈ నాలుగు బూత్‌లలో ఇలా కనబడుతోంది" అని రాయండి. ఆ వాక్యం విలువ వేరు.

ఆ దేశం వైపు నుంచి కూడా చదవాలి. 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అదే ఏడాది ఆగస్టు చివర్లో అమెరికా మన ఎగుమతులు చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న రైతుకు ఈ రెండు వార్తలూ సొంత ఇంటి వార్తలు. ఢిల్లీలో కూర్చున్న విశ్లేషకుడు సుంకం రాస్తాడు, మీరు చెరువు దాకా రాయగలరు. హైదరాబాద్‌లో ఈ పోస్టు పెట్టేది అందుకే.

ఇంటర్వ్యూ

ప్యానెల్‌లో ముగ్గురు ఉంటారు, ఇద్దరు దౌత్యాధికారులు, ఒకరు స్థానిక ఉద్యోగి కావచ్చు. "తెలంగాణ ఎందుకు ఏర్పడిందో ఇవాళే దిగిన మంత్రికి రెండు నిమిషాల్లో చెప్పండి" లాంటిది ఒకటి అడుగుతారు. మీరు కరీంనగర్ మనిషి, ఆ ఉద్యమం మీ ఇంట్లో నడిచింది. ఆవేశం సహజం. కానీ అవతలి ప్రాంతం మనిషి విన్నా అది న్యాయమైన వివరణే అనిపించేలా చెప్పగలగాలి. గుంటూరు అమ్మాయినైన నాకు కూడా అదే పరీక్ష వచ్చింది, చెమటలు పట్టాయి. ఇంట్లో వాదించుకున్నవన్నీ గొంతులోకి వచ్చాయి. ముల్కీ నిబంధనలు (స్థానికులకే ఉద్యోగాలన్న పాత నియమాలు), 1969 ఉద్యమం, నీళ్లు, నిధులు, నియామకాలు, 2009 డిసెంబర్ 9 ప్రకటన, 2014 జూన్ 2. ఈ వరసలో చెప్పి, తర్వాత ఆంధ్ర వైపు అభ్యంతరం హైదరాబాద్ చుట్టూ ఎందుకు తిరిగిందో ఒక వాక్యంలో చెప్పి ఆగిపోయాను.

తెలియనిది అడిగినప్పుడే అసలు పరీక్ష. ఒకసారి చివరికి ఇద్దరు మిగిలారు. ఒకాయన పేరున్న జర్నలిస్టు. ఏ ఎమ్మెల్యే పేరు చెప్పినా ఆయన వియ్యంకుడి ఊరు కూడా చెప్పగలరు. ఉప ఎన్నికలో ఏం జరుగుతుందని అడిగితే, "నూటికి నూరు శాతం ఫలానా పార్టీ" అన్నారు. ఎలా చెప్పగలరంటే, "నాకు తెలుసు, సార్" అన్నారు. రెండో మనిషి అనంతపురంలో రైతుల సంస్థలో పనిచేసిన యువతి. అదే ప్రశ్నకు ఆమె, "ఆ నియోజకవర్గం నాకు బాగా తెలియదు. నేనైతే ముందు పోయినసారి బూత్‌ల లెక్క చూసి, అక్కడి ఒక టీచర్ల సంఘం నాయకుడిని, ఒక ఆర్‌ఎంపీ డాక్టరును, రెండు పార్టీల్లోనూ టికెట్ రానివాళ్లను కలుస్తాను. టికెట్ రానివాళ్లు నిజం కూడా చెబుతారు, కోపం కూడా చెబుతారు, రెండూ విడదీయాలి" అంది. ఆమెకే ఇచ్చాం. ఉప ఎన్నికలో జర్నలిస్టు చెప్పిన పార్టీయే గెలిచింది, ఆ సంగతి కూడా నిజాయతీగా చెప్పాలి. అయినా మా నిర్ణయం సరైనదే అని ఇప్పటికీ అనుకుంటాను.

నేను ఈ పాఠం ఉద్యోగంలో చేరాక, మొదటి ఏడాదిలో నేర్చుకున్నాను. ఒక సీనియర్ నాయకుడు టీ తాగుతూ, ఫలానా మంత్రిని వచ్చే వారం తీసేస్తున్నారని చెప్పారు. అంత పెద్ద మనిషి చెప్పారు కదా అని నోట్‌లో జరగబోతోందని రాసేశాను. జరగలేదు. మా పై అధికారి నన్ను తిట్టలేదు. నా నోట్ ముందు పెట్టి రెండు ప్రశ్నలు అడిగారు: "ఇది ఎవరు చెప్పారు? నీకే ఎందుకు చెప్పారు?" రెండో ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆ నాయకుడికి ఆ మంత్రితో పడదు. నా ద్వారా ఆ వార్త తిరగాలని చెప్పారు. ఆ రోజు నుంచి ప్రతి సమావేశం నోట్స్ కింద ఆ రెండు ప్రశ్నలకు జవాబు రాసుకునేదాన్ని. రిపోర్టర్‌గా మీకు ఇది కొత్త కాదు, కానీ ఇంటర్వ్యూలో ఈ అలవాటు కనబడాలి.

మీతో మాట్లాడినవాళ్లను కాపాడటం కూడా ఇందులో భాగమే. 2010లో వికీలీక్స్ రెండున్నర లక్షలకు పైగా అమెరికా దౌత్య సందేశాలు బయటపెట్టడం మొదలుపెట్టినప్పుడు, నమ్మకంతో మాట్లాడినవాళ్ల పేర్లు ప్రపంచమంతా చదివింది. దాని తర్వాత చాలాకాలం, నాతో పదేళ్ల పరిచయం ఉన్నవాళ్లు కూడా "రాసుకోవద్దమ్మా" అనేవారు. పేరు రాయాల్సిన అవసరం ఉందా అని ప్రతిసారీ ఆలోచించాలి. మీ మీడియా మిత్రులకు మీరు మళ్లీ ఎప్పుడూ ఏ చిన్న లీకూ ఇవ్వలేరన్నది కూడా ఇందులోనే వస్తుంది. జర్నలిజం నుంచి వచ్చినవాళ్లకు ఇదే కష్టం. పెద్ద వార్త చేతిలో ఉంటుంది, రాయలేరు.

మీ బాబాయి సంగతి

ఎంపికయ్యాక నేపథ్య పరిశీలన ఉంటుంది. పాత ఉద్యోగాలు, ఉన్న చోటు, పోలీసు వెరిఫికేషన్, సోషల్ మీడియా. అక్కడ బంధువుల వివరాలు అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. తెలుగు రాష్ట్రాల్లో రాజకీయాల్లో ఒక్క బంధువు కూడా లేని కుటుంబం ఎక్కడుంది? అది వాళ్లకూ తెలుసు. దాచారని తర్వాత తేలితే మాత్రం ఉద్యోగం పోతుంది. మీకే పార్టీ సభ్యత్వం ఉంటే దరఖాస్తుకు ముందే రాజీనామా చేసి, ఆ కాగితం దాచుకోండి. ఫేస్‌బుక్‌లో ఆవేశంగా పెట్టిన పోస్టులు తుడిచేయడం కంటే, అడిగితే ఏం చెబుతారో ఆలోచించుకోవడం మంచిది. బాబాయికి కూడా ముందే చెప్పండి: ఇకమీద ఆయన సభలకు మీరు వెళ్లరు, ఆయన పని కోసం మీ ఆఫీసులో ఎవరినీ అడగరు, ఊళ్లో ఎవరి వీసా గురించీ మాట్లాడరు. వీసాల మాట మీ ఊహకు మించి వస్తుంది. నా సొంత పెద్దమ్మ కొడుకు వీసా గురించి అడిగితే కాదన్నాను, రెండేళ్లు మాట్లాడలేదు.

జీతం, పన్ను, భవిష్యత్తు

జీతం ప్రకటనలోనే ఉంటుంది, బేరం ఆడే వీలు తక్కువ. భారత పౌరుల జీతానికి మామూలుగానే ఆదాయపు పన్ను పడుతుంది. కొన్ని దౌత్య కార్యాలయాలు టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను, కోయవు. అప్పుడు జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 తేదీల్లో అడ్వాన్స్ ట్యాక్స్ మీరే కట్టాలి. నేను మొదటి ఏడాది ఇది తెలియక వడ్డీతో కట్టాను. చేరిన రోజే హెచ్‌ఆర్‌ను అడగండి. ప్రమోషన్లకు ఒక హద్దు ఉంటుంది, పైకుర్చీలన్నీ ఆ దేశంవాళ్లవే. విదేశాలకు పోస్టింగ్ రాదు, పౌరసత్వం రాదు. ఆ ఆశతో వస్తే మూడో ఏడాదికి విసుగొస్తుంది. ఈ నేల గురించి పట్టించుకునే మనిషికి మాత్రం ఇంత మంచి ఉద్యోగం తక్కువ. నేను చూసినంత దగ్గరగా రెండు రాష్ట్రాలను చూసే అవకాశం నాకు ఇంకెక్కడా దొరికేది కాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: గడువు లోపు రోజూ ఒక పేజీ. పొద్దున ఒక తెలుగు పేపర్ జిల్లా ఎడిషన్ నుంచి ఒక వార్త తీసుకోండి. ఏం జరిగింది, ఎలా తెలిసింది, ఎందుకు జరిగిందనుకుంటున్నారు, అయితే వాళ్లకేంటి. నాలుగు చిన్న పేరాలు, ఇంగ్లిష్‌లో, గంట మించకుండా. రాజకీయం ఇష్టం లేని ఒక స్నేహితుడికి చదివి వినిపించండి. ఎక్కడ అర్థం కాలేదంటాడో అక్కడ మళ్లీ రాయండి. ఇరవై రోజులకు ఇరవై పేజీలవుతాయి.

ఇక ఒక హెచ్చరిక. ఎంపికయ్యారని ఫోన్ వచ్చిన రోజే పాత ఉద్యోగానికి రాజీనామా చేయకండి. నాకు ఫిబ్రవరిలో ఫోన్ వచ్చింది, పరిశీలనలన్నీ పూర్తయి చేరింది జులైలో. మధ్యలో ఐదు నెలలు టెన్షన్ పడ్డాను కానీ జీతం ఆగలేదు. అనుమతులన్నీ వచ్చి, చేరాల్సిన తేదీ ఉన్న లెటర్ చేతికి అందాకే మీ ఎడిటర్‌గారికి నోటీసు ఇవ్వండి.